ప్రమోషన్లు ఇచ్చే అభిమాని

కెండ్రిక్ లమార్ ర్యాపర్ కాదట, కవి అట. ‘ద వైర్’ టీవీ సీరియల్ కాదట, నవల అట. వాల్టర్ మోస్లీ రాసేవి డిటెక్టివ్ నవలలు కావట, లాస్ ఏంజెలెస్ నల్లవాళ్ళ సాంఘిక చరిత్ర అట. డ్యూక్ ఎలింగ్టన్ వాయించింది జాజ్ కాదట, అంతకన్నా పెద్దదేదో అట. ఈ ‘అట’లన్నీ ఒకచోట పోగేస్తే తేలేదేమిటంటే, లోకంలో బాగున్న ర్యాప్ పాట ఒక్కటీ లేదు, బాగున్న డిటెక్టివ్ నవల లేదు, బాగున్న టీవీ సీరియల్ అసలే లేదు. బాగుందని తేలిన మరుక్షణం అది ఇంకేదో అయిపోతోంది.

ఈ ఘనకార్యం విరోధి చేస్తే బాధ లేదు. ర్యాప్ కూడా ఒక సంగీతమేనా అని మొహం చిట్లించేవాడిది ముక్కుసూటి వ్యవహారం. చిక్కంతా అభిమానితోనే. ఆయన నిజంగానే విన్నాడు, చదివాడు, తెల్లవారుజాము దాకా కూర్చుని చూశాడు. నచ్చింది. నచ్చినందుకు కాస్త సిగ్గేసింది. ఆ సిగ్గు కప్పిపుచ్చుకోవడానికి నచ్చినదానికి ప్రమోషన్ ఇచ్చేశాడు. ఇక అది ర్యాప్ సెక్షన్లో గుమాస్తా కాదు, కవిత్వ శాఖలో గెజిటెడ్ ఆఫీసరు. పాత సెక్షన్లో మిగిలినవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడే. ఉత్తర్వు అడుగున సన్న అక్షరాల్లో వాళ్ళ గురించి కూడా ఒక ముక్క ఉంటుంది: తక్కినవారు పనికిమాలినవారని ఇందుమూలంగా ధ్రువీకరించడమైనది.

కెండ్రిక్ ‘డామ్’ ఆల్బంకి 2018లో సంగీతంలో పులిట్జర్ బహుమతి వచ్చింది. 1943 నుంచి ఇస్తున్న బహుమతి అది. శాస్త్రీయ సంగీతమూ జాజూ కానిదానికి ఇవ్వడం అదే మొదలు. ఆ వార్త విన్న అభిమాని ఉప్పొంగిపోయి, పాటల మాటలన్నీ ప్రింటు తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, కవిత్వం చదివినట్టు చదివాడు. చింతామణి నాటకంలో పద్యాన్ని రాగం తీసేసి, హార్మోనియం ఆపేసి, రేషన్ కార్డు వివరాల్లా చదివితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది ఆ చదువు. మాట దరువు మీద పడిందా, వెంట్రుకవాసి వెనక పడిందా, ఊపిరి ఎక్కడ దాచుకున్నాడు, గొంతు ఎక్కడ మార్చాడు, ఇవేవీ కాగితం మీద ఉండవు. ర్యాపర్ విద్యంతా అక్కడే ఉంది.

ఆ ఆల్బంలో ఆఖరి పాట ‘డక్‌వర్త్’నే తీసుకోండి. కెంటకీ ఫ్రైడ్ చికెన్ దుకాణంలో పనిచేసే ఒకాయన, ఆ దుకాణాన్ని దోచుకోవాలని చూస్తున్న కుర్రాడికి ఊరికే చికెన్ పెట్టి, పైన రెండు బిస్కెట్లు వేసి మంచి చేసుకుంటాడు. దోపిడీ జరిగిన రోజున ఆ కుర్రాడు ఈయన్ని ఏమీ చెయ్యకుండా వదిలేస్తాడు. ఆయన కెండ్రిక్ తండ్రి. ఆ కుర్రాడు పెద్దయ్యాక కెండ్రిక్‌తో రికార్డులు చేయించిన ఆంథనీ టిఫిత్. నైన్త్ వండర్ చేసిన దరువులు కథ మధ్యలో మారిపోతుంటాయి. చివర్లో తుపాకి పేలుతుంది. పేలగానే టేపు గిర్రున వెనక్కి తిరిగి ఆల్బం మొదటికి వచ్చి ఆగుతుంది. రికార్డును వెనక్కి తిప్పడం, మళ్ళీ అక్కణ్ణించే అందుకోవడం కవుల దగ్గర నేర్చుకున్న విద్య కాదు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో 1520 సెడ్జ్‌విక్ ఎవెన్యూలో కూల్ హెర్క్ రెండు టర్న్‌టేబుళ్ళు పెట్టి చెల్లెలి పార్టీకి రికార్డులు వేశాడే, ఆ తోవలో వచ్చిన విద్య. ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చుకుని, కుర్రాళ్ళు ఊగిపోయే దరువు ముక్కను ఇటోసారి అటోసారి వేస్తూ సాగదీయడం ఆయన చేతివాటం. డీజేల ఇంటిపేరు తీసేసి కెండ్రిక్‌ను కవుల ఇంటికి దత్తత ఇస్తే కవులకు గౌరవం పెరుగుతుందేమో. కెండ్రిక్‌కు ఒరిగేది మాత్రం ఏమీ లేదు.

టీవీ విషయానికొస్తే అభిమానికి స్టాంపు కూడా సొంతంగా చేయించుకోవలసిన పని లేకపోయింది. 1996లోనే హెచ్‌బీఓ వాళ్ళు చేయించి పెట్టారు: ఇది టీవీ కాదు, హెచ్‌బీఓ. టీవీలో వచ్చే ఛానెల్, టీవీ కొన్నవాళ్ళ దగ్గర నెలనెలా చందా వసూలు చేసే ఛానెల్, తాను టీవీ కానని ప్రకటన వేసుకుంది. సబ్బుల కంపెనీ ప్రకటనను నమ్మని పెద్దమనుషులు దీన్ని మాత్రం నమ్మి, తమ సొంత అభిప్రాయంగా చెప్పుకుని తిరుగుతున్నారు.

‘ద వైర్’ 2002 నుంచి 2008 దాకా అయిదు సీజన్లు, 60 ఎపిసోడ్లు వచ్చింది. బాల్టిమోర్ నగరం, మత్తుమందుల వ్యాపారం, పోలీసులు, ఓడరేవు, బడులు, పత్రికాఫీసు. రాసినవాడు డేవిడ్ సైమన్, అంతకుముందు బాల్టిమోర్ సన్ విలేకరి. తోడు ఎడ్ బర్న్స్, పోలీసు డిటెక్టివ్‌గానూ బడిపంతులుగానూ పనిచేసిన మనిషి. ఇది చూసి మైమరచినవాళ్ళంతా ఒక్క గొంతుతో అన్న మాట: ఇది డికెన్స్ నవల. సైమన్ కూడా నవల అనీ గ్రీకు విషాదనాటకం అనీ ఇంటర్వ్యూల్లో చెప్పుకున్నాడు లెండి, తన ప్రమోషన్ ఫైలు తానే కదుపుకున్నాడు. అయినా ఆయనకు హాస్యం తెలుసు. అయిదో సీజన్లో పేదపిల్లల కథల్లో ‘డికెన్స్ ఛాయ’ కావాలని వెంటపడే ఒక సంపాదకుణ్ణి పెట్టి, ఒక ఎపిసోడ్‌కు ఆ పేరే పెట్టి, ఆ మాట పట్టుకు వేలాడేవాళ్ళను ఉతికి ఆరేశాడు. ఆ ఎపిసోడ్ చూసి కూడా డికెన్స్ డికెన్స్ అన్నవాళ్ళకు చేతులెత్తి మొక్కాలి.

ఇంతకీ డికెన్స్ ఏం చేశాడు? 1836లో ‘పిక్‌విక్ పేపర్స్’ను నెలకో భాగం చొప్పున, షిల్లింగు ధరకు అమ్మాడు. వచ్చే నెల ఏమవుతుందోనని జనం ఎదురుచూసేలా రాశాడు. అంటే సీరియల్ రాశాడు. సీరియల్‌ను పొగడడానికి అది సీరియల్ కాదు అని చెప్పి, సాక్ష్యానికి సీరియల్ రచయితను పిలుచుకొచ్చారన్నమాట.

ఆ సీరియల్‌తనంలో ఏముందో చూడండి. మొదటి సీజన్ మూడో ఎపిసోడ్లో, పేదల వాడలో రెండు ఇళ్ళ వరసల నడుమ పడేసిన నారింజరంగు సోఫా దగ్గర, బోడీ, వాలెస్ అనే ఇద్దరు కుర్రాళ్ళు చదరంగం పావులతో చెక్కర్స్ ఆడుతుంటారు. డి’యాంజెలో వచ్చి, ఇది అది కాదురా అని, రాజు ఎవరో, మంత్రి ఏం చేస్తుందో, బంట్లు ఎందుకు ముందు పోతాయో తమ దందా భాషలో చెబుతాడు. తెలివైన బంటు బతికి బట్టకట్టవచ్చు కదా అని బోడీకి ఆశ. అది 2002. నాలుగేళ్ళు గడిచాక 2006లో, నాలుగో సీజన్ చివర్లో, అదే బోడీ ఒక పార్కులో పోలీసు పక్కన కూర్చుని, తామంతా ఆ పలక మీది చిన్న పావులమేనని ఒప్పుకుంటాడు. ఆ ఎపిసోడ్లోనే చచ్చిపోతాడు. మధ్యలో ఆ నటుడి మొహం ముదిరింది, చూసేవాడి తల కాస్త నెరిసింది. నవలలో ఆ నాలుగేళ్ళను ఒక్క పేజీ తిప్పి దాటేస్తాం. వారం వారం, ఏడాది ఏడాది ఎదురుచూడనిచ్చే టీవీ వల్లనే ఆ దెబ్బ అంత గట్టిగా తగిలింది. ఇంత చేసినా ఆ సీరియల్‌కు ఒక్క ఎమ్మీ రాలేదు. టీవీ వాళ్ళు నవల అనుకుని వదిలేశారో ఏమో.

నవలల వాళ్ళ సంగతి ఇంకా వింత. 2003లో అమెరికా నేషనల్ బుక్ ఫౌండేషన్ స్టీఫెన్ కింగ్‌కు గౌరవ పతకం ఇస్తే, హెరాల్డ్ బ్లూమ్ అనే మహాపండితుడు ఆయన్ని డికెన్స్ రోజుల్లో పెన్నీకి అమ్మిన చవకబారు కథల జాతిలో కలిపేశాడు. ‘ద గ్రీన్ మైల్’ను 1996లో ఆరు నెలలపాటు నెలకో చిన్న పుస్తకంగా, అచ్చం డికెన్స్ పద్ధతిలో వేయించుకున్న రచయిత ఈ కింగే. టీవీకి డికెన్స్ పోలిక దక్కింది. డికెన్స్ చేసిన పనే చేసినవాడికి పెన్నీ దక్కింది. మనవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా! ‘తులసిదళం’ రోజుల్లో యండమూరిని క్షుద్ర సాహిత్యం అని తిట్టిపోసిన కాలం ఒకటి ఉంది. ఆ తిట్టినవాళ్ళలో కథ చివర ఏమైందో తెలియనివాడు ఒక్కడూ లేడు.

చెస్టర్ హైమ్స్‌కు ఈ ప్రమోషన్ మరీ ఆలస్యంగా అందింది. ఒహాయో జైల్లో రాయడం మొదలుపెట్టి, 1945లో గంభీరమైన నవలతో వచ్చి, పారిస్ చేరాక డబ్బుకు కటకటలాడుతూ న్యూయార్క్ నల్లవాళ్ళ పేట హార్లెం మీద డిటెక్టివ్ నవలలు రాశాడు. కాఫిన్ ఎడ్, గ్రేవ్ డిగ్గర్ అనే ఇద్దరు నల్ల పోలీసుల కథలు. 1958లో ఫ్రెంచివాళ్ళు తమ డిటెక్టివ్ సాహిత్య బహుమతిని ఆయనకిచ్చారు, డిటెక్టివ్ నవల రాసినందుకే. అమెరికాలో అభిమాని ఇప్పుడు ఆ పుస్తకాలను చేతిలో పెట్టుకుని, ఇవి పైకి మాత్రమే డిటెక్టివ్ నవలలు అంటాడు. లోపల ఏముందయ్యా అంటే హార్లెం ఉంది. హార్లెం లోపలికి పోయి తలుపులు తట్టి అందర్నీ ప్రశ్నలు అడిగే హక్కు కథలో ఎవరికుంటుంది? డిటెక్టివ్‌కు. పైదీ లోపలిదీ వేరు కాదు మహాప్రభో.

ప్రమోషన్ ఇచ్చేవాడి చేతిలోనే డిమోషన్ కూడా ఉంటుంది. బిగ్ బిల్ బ్రూన్జీ షికాగోలో ఏళ్ళ తరబడి ఉంటూ, సూటూ బూటూ వేసుకుని, బ్యాండ్లతో బోలెడు రికార్డులు చేసిన బ్లూస్ గాయకుడు. 1938లో న్యూయార్క్ కార్నెగీ హాల్లో ఆయన్ని అర్కన్సాస్ పొలాల్లోంచి వచ్చిన కౌలురైతని పరిచయం చేశారు. అసలైన బ్లూస్ అంటే మడక దున్నేవాడే పాడాలని సభవారి నమ్మకం. బ్రూన్జీ లౌక్యుడు. తర్వాత యూరప్ వెళ్ళినప్పుడు కూడా బ్యాండు ఇంట్లో వదిలేసి, ఒంటి గిటార్ పట్టుకుని, వాళ్ళు కోరిన రైతు వేషం కట్టి డబ్బు చేసుకున్నాడు. మడ్డీ వాటర్స్‌కు ఆ లౌక్యం కాస్త ఆలస్యంగా వచ్చింది. ఆయన నిజంగానే మిసిసిపీ పత్తిచేల నుంచి షికాగో వచ్చినవాడు. 1958లో ఇంగ్లండ్ వెళ్ళి ఎలక్ట్రిక్ గిటార్ ఎత్తేసరికి కొందరు అభిమానులు చెవులు మూసుకున్నారు, ఇది మేము ప్రేమించిన బ్లూస్ కాదన్నారు. సరేనని 1963లో మామూలు గిటార్ పట్టుకుని వెళ్ళాడు పాపం. ఈలోగా అక్కడి కుర్రాళ్ళంతా ఎలక్ట్రిక్ గిటార్లు కొనుక్కుని ఉన్నారు. ఏమిటీ పాతచింతకాయ పచ్చడి అని మళ్ళీ నిరాశపడ్డారు.

గాయకుడు మార్విన్ గే గురించి అడిగితే అభిమాని ‘వాట్స్ గోయింగ్ ఆన్’ అంటాడు. 1971 ఆల్బం, యుద్ధం, పేదరికం, గంభీరం. గొప్పదే. కానీ 1977లో అమెరికా చార్టుల్లో నంబర్ వన్ అయిన ‘గాట్ టు గివ్ ఇట్ అప్’ ఆయనదేనని గుర్తుచేస్తే అభిమాని మాట మారుస్తాడు. అది డ్యాన్సు పాట. ఒళ్ళు కదిలితే బుద్ధి కదలదని ఆయనకు గట్టి విశ్వాసం. ఈ విశ్వాసం ముదిరితే ఎక్కడికి పోతుందో 1979 జులై 12న షికాగో కోమిస్కీ పార్కులో కనబడింది. డిస్కో రికార్డు తెచ్చినవాడికి 98 సెంట్లకే బేస్‌బాల్ ఆట టికెట్టు. రెండు ఆటల నడుమ ఆ రికార్డులు కుప్పపోసి పేల్చారు. జనం మైదానం మీద పడ్డారు, రెండో ఆట ఆగిపోయింది. అక్కడ పనిచేసిన విన్స్ లారెన్స్ అనే నల్లకుర్రాడు తర్వాత చెప్పాడు, జనం తెచ్చినవాటిలో డిస్కో కానివీ చాలా ఉన్నాయని. నల్లవాళ్ళ రికార్డు అయితే చాలు. ఆ లారెన్సే 1984లో జెస్సీ సాండర్స్‌తో కలిసి ‘ఆన్ అండ్ ఆన్’ చేశాడు, హౌస్ అనే డ్యాన్సు సంగీతానికి తొలి రికార్డుల్లో ఒకటి. హౌస్ ఇప్పుడు యూరప్‌లో పరిశోధనాంశం. దానికీ ప్రమోషన్ వచ్చేసింది.

కళాకారులే తమకు ఆ పేర్లు వద్దన్నారు కదా అని అభిమాని వాదిస్తాడు. నిజమే. గాయని నీనా సిమోన్ జాజ్ అనే పేరు ఒప్పుకోలేదు, నాది నల్లవాళ్ళ శాస్త్రీయ సంగీతం అంది. పియానో నేర్చుకుంటానంటే ఫిలడెల్ఫియా కర్టిస్ సంస్థ తిప్పిపంపిన మనిషి ఆమె. అందుకు కారణం తన రంగేనని నమ్మింది. 2003లో ఇక చనిపోతుందనగా అదే సంస్థ గౌరవ డిగ్రీ ఇచ్చింది. ఆమె తన వీధిని వదిలి పైవీధికి కాపురం మార్చలేదు. నా వీధే పైవీధి అంది. అభిమాని చేసేది వేరే పని. పర్సివల్ ఎవరెట్ 2001 నవల మీద తీసిన ‘అమెరికన్ ఫిక్షన్’ సినిమాలో ఒక నల్ల రచయిత పుస్తకాల షాపుకి వెళ్ళి చూసుకుంటే, తన నవలలు ‘ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాలు’ అరలో ఉంటాయి. వీటిలో నల్లగా ఉన్నది సిరా ఒక్కటే బాబూ అని మొత్తుకుంటాడు. ఏ అరలో ఎవరుండాలో రాసే కలం ఒకటే. దించేవాడూ ఎక్కించేవాడూ ఆ కలమే పట్టుకుంటారు, రచయిత చేతికి మాత్రం ఇవ్వరు.

1965లో పులిట్జర్ సంగీతం జ్యూరీ, డ్యూక్ ఎలింగ్టన్ జీవితకాల కృషికి ప్రత్యేక గౌరవం ఇమ్మని సిఫార్సు చేసింది. బోర్డు కుదరదంది. ఆ ఏడు సంగీతానికి బహుమతే లేదు, జ్యూరీలో ఇద్దరు రాజీనామా చేశారు. అప్పటికి 66 ఏళ్ళున్న ఎలింగ్టన్, తనకు మరీ చిన్నతనంలోనే పేరు రాకుండా విధి కాపాడుతోందని నవ్వేశాడు. 1974లో పోయాడు. 1999లో, ఆయన పుట్టి నూరేళ్ళు అయిన సంవత్సరంలో, బోర్డు మనసు మార్చుకుని ఆ గౌరవం ప్రకటించింది. అభిమాని ఇప్పటికీ ఆ సంగతి ఎత్తుకుని కాలరెగరేస్తాడు: “నేను మొదట్నించీ చెబుతూనే ఉన్నాగా, ఆయన వాయించింది జాజ్ కాదండీ!”