కనుమ నాటి రాళ్ళే నయం

మా కశింకోట వాళ్ళకి ప్రకృతి అంటే ప్రాణం. నమ్మకపోతే కార్తీకంలో ఏ శనివారమో అర్ధరాత్రి దాటాక వచ్చి చూడండి. బళ్ళన్నీ చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్ రోడ్డు ఎక్కుతుంటాయి. సూర్యుడు లేచేలోపు వంజంగి కొండెక్కి మబ్బుల్ని చూడాలి. సూర్యుడు మా ఊళ్ళోనూ లేస్తాడు గానీ, ఇక్కడ లేస్తే వాడికి లైకులు రావు.

పోయిన కార్తీకంలో నేనూ వెళ్ళాను. డిక్కీలో నీళ్ళసీసాల కట్టలు, బ్లూటూత్ స్పీకరు, ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు, వెండిరంగు పూత పూసిన బఫే ప్లేట్లు ఓ వంద. తినేది ఏడుగురం. మిగతా తొంభై మూడూ ఎందుకంటే, గాలికి ఎగిరిపోతాయట! ఎగిరాయి కూడా, నిజం చెప్పాలి.

అడ్డాకు దొరికేది ఆ పాడేరు అడవుల్లోనే. గిరిజనులు కోసి, ఎండబెట్టి, కట్టలు కట్టి సంతకి తెస్తే, మన పెళ్ళిళ్ళలో విస్తళ్ళయ్యేవి. ఆ కొండకే మనం కింది నుంచి ప్లేట్లు మోసుకెళ్ళి, ఆడపడుచుకి సారె పెట్టినట్టు పెట్టి వస్తున్నాం. ప్లాస్టిక్ గ్లాసులు, చెంచాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. మబ్బుల పైన సిగ్నల్ ఉండదు కాబోలు, ఆ కబురు అక్కడికి అందలేదు.

టూరిజం వల్ల కొండమీద వాళ్ళకి ఉపాధి అంటారు. టీ కొట్టుకి నాలుగు డబ్బులు రావడం నిజమే, కాదనను. మనం పారేసినవి ఏరుకోవడం కూడా అందులో కలిపేశారు, అదీ గడుసుదనం.

అంతదూరం దేనికి, శంకరం దగ్గర బొజ్జన్నకొండ మనకి కూతవేటే. 1907 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపిన బౌద్ధారామం. పక్కనే లింగాలకొండ, దాని నిండా రాతిలో తొలిచిన స్తూపాలు. కనుమ తీర్థానికి వెళ్ళిన జనం, అక్కడున్నది రాక్షసుడని రాళ్ళు రువ్వేవారు. మూఢాచారం అని చదువుకున్నవాళ్ళు మానిపించారు. మంచిపనే. ఇప్పుడు చదువుకున్నవాళ్ళం సీసాలు, బిర్యానీ డబ్బాలు రువ్వుతున్నాం. రాయైతే కొండదే, విసిరినా దాని ఒళ్ళోనే పడేది. బిర్యానీ డబ్బా ఏ కొండకి పుట్టింది?

వంజంగి నుంచి దిగుతూ మా బావమరిది ‘అమ్మ ఒడిలో’ అని ఫొటో పెట్టబోయాడు. కాళ్ళదగ్గర రెండు ప్లేట్లు, ఓ సీసా పడ్డాయి. వేలితో రుద్ది చెరిపేశాడు. ఆ రోజు కొండని శుభ్రం చేసింది వాడొక్కడే.