డిఫాల్ట్ రూట్‌లో తప్పు దొరక్కుండా చదువుకోవడం ఎలా?

సీసీఎన్ఏ పరీక్షకి కూర్చోబోయేవాళ్లకి మొదటి సలహా ఇది: ‘ఐపీ రూట్ 0.0.0.0 0.0.0.0’ అన్న ముక్కని నిద్రలో లేపి అడిగినా చెప్పేలా బట్టీ పట్టండి, ఆ కమాండ్ కొట్టాక రూటింగ్ టేబుల్ ఏమైందో మాత్రం చూడకండి. అమీర్‌పేట మైత్రీవనం సందుల్లో అమ్మే జిరాక్స్ నోట్సులో కమాండ్లు వరసగా ఉంటాయి కాబట్టి ఈ పద్ధతికి సామగ్రి కొరత లేదు. సిస్కో వాళ్ల 200-301 సిలబస్ మాత్రం కాస్త మొండిగా ఉంది. అందులో ఐపీ కనెక్టివిటీకి 25 శాతం మార్కుల వాటా. మిగతా ఏ భాగానికీ అంత లేదు. ఆ భాగంలో ఒకటో అంశం రూటింగ్ టేబుల్ చదివి అర్థం చెప్పడం, రెండోది రూటర్ ఏ దారి ఎందుకు ఎంచుకుంటుందో చెప్పడం, స్టాటిక్ రూట్ రాయడం మూడోది. వరస తప్పు పడిందనుకుని మీరు మూడోదానితో మొదలుపెట్టండి, అక్కడే ఆపెయ్యండి.

ఇలా చదివినా చాలాకాలం పట్టుబడకుండా నెట్టుకురావచ్చు. ఎందుకంటే డిఫాల్ట్ రూట్ స్వభావమే తప్పుని కప్పిపెట్టడం. ఎటు పంపాలో తెలియని ప్యాకెట్ వస్తే రూటర్ దాన్ని పారేసి, పంపినవాడికి ఐసీఎంపీ ద్వారా ‘గమ్యం చేరలేదు’ అని కబురు చేస్తుంది. సిస్కో పింగ్‌లో ఆ కబురు ‘యూ’ అన్న అక్షరంగా తెర మీద పడుతుంది. అది నిజాయితీ గల జవాబు. డిఫాల్ట్ రూట్ రాసిన మరుక్షణం ఆ రూటర్‌కి తెలియని అడ్రసంటూ ఉండదు. ‘ఫైలు పై ఆఫీసుకి పంపేశాం, అక్కడ కనుక్కోండి’ అనే గుమాస్తాలా తెలియనిదాన్నంతా అవతలికి తోసేస్తుంది. తెర మీద ‘యూ’ పోయి చుక్కలు మిగలొచ్చు. చుక్క అంటే జవాబు రాలేదని తప్ప ఎక్కడ ఆగిందో చెప్పదు. తప్పు దొరకకూడదని కోరుకునేవాడికి ఇంతకన్నా మంచి తోడు లేదు.

ఒక మామూలు ల్యాబ్ తీసుకోండి. హెడ్డాఫీసు రూటర్‌కీ బ్రాంచి రూటర్‌కీ మధ్య లింకు 10.0.12.0/30, హెడ్డాఫీసు వైపు చివర 1, బ్రాంచి వైపు 2. బ్రాంచి ల్యాన్ 192.168.20.0/24, అందులో బ్రాంచి రూటర్ అడ్రసు 192.168.20.1. బ్రాంచి డిఫాల్ట్ హెడ్డాఫీసు వైపు, హెడ్డాఫీసు డిఫాల్ట్ ఐఎస్పీ వైపు ఉన్నాయి. హెడ్డాఫీసులో బ్రాంచి ల్యాన్‌కి రూట్ రాయడం మర్చిపోయారు. ఇప్పుడు బ్రాంచి రూటర్ కన్సోల్ నుంచి 10.0.12.1కి పింగ్ కొడితే ఆశ్చర్యార్థకాలు వరసగా వస్తాయి. మహా అయితే ఏఆర్పీ పుణ్యమా అని మొదటిది చుక్కగా వచ్చి, సక్సెస్ రేటు 80 శాతం అంటుంది. అదే పింగ్ బ్రాంచిలోని పీసీ నుంచి కొడితే ఏమీ రాదు. ఇక్కడ మీరు చెయ్యాల్సింది బ్రాంచి డిఫాల్ట్ రూట్ చెరిపి మళ్లీ కొట్టడం, అదీ కుదరకపోతే పీసీ రీస్టార్ట్ చెయ్యడం. అసలు సంగతి వేరే చోట ఉంది. రూటర్ తను పంపే పింగ్‌కి బయటికెళ్లే ఇంటర్‌ఫేస్ అడ్రసు, అంటే 10.0.12.2, పెడుతుంది, అది హెడ్డాఫీసుకి నేరుగా తగిలి ఉన్న నెట్‌వర్క్ కాబట్టి జవాబు తిరిగొచ్చింది. పీసీ పంపిన ప్యాకెట్ కూడా హెడ్డాఫీసుకి క్షేమంగానే చేరింది. తిరుగు జవాబే, 192.168.20.0 ఎటో తెలియక, హెడ్డాఫీసు డిఫాల్ట్ పట్టుకుని ఐఎస్పీ వైపు పోయింది. ప్రైవేటు అడ్రసుని ఐఎస్పీ ఎందుకు మోస్తుంది? ‘పింగ్ 10.0.12.1 సోర్స్ 192.168.20.1’ అని కొడితే బ్రాంచి రూటర్ మీదే గుట్టు బయటపడేది. అందుకే సోర్స్ అన్న మాట నేర్చుకోకండి.

ఇంకా పకడ్బందీగా దాచాలంటే రెండు రూటర్లనీ ఒకదాని వైపు ఒకటి డిఫాల్ట్ పెట్టి వదిలెయ్యండి. విండోస్ పీసీ నుంచి వచ్చే పింగ్‌కి టీటీఎల్ 128. బయట ఏ అడ్రసుకి పంపినా ఆ ఒక్క ప్యాకెట్ టీటీఎల్ సున్నా అయ్యేదాకా అదే లింకు మీద వంద సార్లకి పైగా అటూ ఇటూ తిరుగుతుంది. ట్రేస్‌రూట్‌లో 10.0.12.1, 10.0.12.2, మళ్లీ 10.0.12.1 అంటూ ముప్పయ్యో హాప్ దాకా అవే రెండు అడ్రసులు కనిపిస్తాయి. అది చూసి ‘నెట్ స్లోగా ఉంది’ అనడం ఉత్తమం. ఇది ల్యాబ్‌లో పిల్లలు చేసే పొరపాటే కాదు. ఐఎస్పీ ఒక కస్టమర్‌కి పెద్ద బ్లాకు ఇచ్చి, కస్టమర్ అందులో నాలుగోవంతే వాడుకుని, మిగతాదానికి డిఫాల్ట్ తప్ప ఇంకేమీ రాయకపోతే సరిగ్గా ఇదే జరుగుతుంది: వాడని అడ్రసుకి వచ్చిన ప్రతి ప్యాకెట్‌నీ ఐఎస్పీ కస్టమర్‌కి తోస్తే, కస్టమర్ రూటర్ దాన్ని ఐఎస్పీకే తిప్పికొడుతుంది. మొత్తం బ్లాకుని నల్0కి చూపిస్తూ ఒక్క లైను రాస్తే ఆగిపోతుంది. ఎక్కువ నిడివి ఉన్న ప్రిఫిక్స్‌కే మొదటి పీట అన్న నియమం తెలిసినవాడికే ఆ లైను తడుతుంది.

మిగతా చిట్కాలు చిన్నవి. రూటర్ మీద ‘ఐపీ డిఫాల్ట్ గేట్‌వే’ కొట్టండి. ఐపీ రూటింగ్ నడుస్తున్నప్పుడు అది ఎందుకూ పనికిరాకపోయినా ఐఓఎస్ కిక్కురుమనకుండా తీసుకుంటుంది. నెక్స్ట్ హాప్ బదులు ఈథర్‌నెట్ ఇంటర్‌ఫేస్ పేరు రాయండి. పెర్ఫార్మెన్స్ దెబ్బతినొచ్చని ఐఓఎస్ హెచ్చరిస్తే ఎంటర్ కొట్టి ముందుకు పొండి. ఆనాటి నుంచి ఇంటర్నెట్‌లోని ప్రతి అడ్రసుకీ విడివిడిగా ఏఆర్పీ అడుగుతూ, అవతలి రూటర్ ప్రాక్సీ ఏఆర్పీ దయ మీద మీ నెట్‌వర్క్ బతుకుతుంది. ఓఎస్పీఎఫ్‌లో ‘డిఫాల్ట్ ఇన్ఫర్మేషన్ ఒరిజినేట్’ పని చెయ్యకపోతే, అంటే ఆ రూటర్‌కే డిఫాల్ట్ లేకపోతే, కారణం వెతక్కుండా చివర ‘ఆల్వేస్’ తగిలించండి. అన్ని రూటర్లలోనూ డిఫాల్ట్ మెరుస్తుంది, ట్రాఫిక్ అంతా బయటికి దారి లేని ఆ ఒక్క రూటర్ దగ్గరికి వచ్చి చస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం: ఎప్పుడూ ‘షో రన్’ మాత్రమే చూడండి. నెక్స్ట్ హాప్‌కి దారి లేకపోతే రూట్ కాన్ఫిగ్‌లో ఉంటుంది గానీ టేబుల్‌లోకి ఎక్కదు. ‘రాశాను కదా సార్’ అని వాదించడానికి ఆ లైను బ్రహ్మాండంగా పనికొస్తుంది.

టేబుల్ చదవమంటే బుద్ధిమంతులు రెండు అభ్యంతరాలు చెప్తారు. పరీక్షకి ఉన్నది 120 నిమిషాలు, టేబుల్ చదువుతూ కూర్చుంటే ఎలా అన్నది మొదటిది. ‘గేట్‌వే ఆఫ్ లాస్ట్ రిసార్ట్ ఈజ్ నాట్ సెట్’ అన్న లైను చదవడానికి పట్టేది కొన్ని సెకన్లు; చదవకుండా ఊహించి కొట్టే కమాండ్లకి పట్టేది నిమిషాలు. పైగా దాటేసిన ప్రశ్న దగ్గరికి ఆ పరీక్ష వెనక్కి రానివ్వదు. రెండో అభ్యంతరంలో పస ఉంది: బయటికి ఒకే దారి ఉన్న ఇల్లూ, చిన్న బ్రాంచీ డిఫాల్ట్ ఒక్కదానితోనే నిక్షేపంగా నడుస్తున్నాయి కదా? నడుస్తున్నాయి, నడవాలి కూడా. 9 లక్షలకి పైగా రూట్లు మోస్తూ డిఫాల్టే లేకుండా బతకాల్సింది ఇంటర్నెట్ నడిబొడ్డున ఉన్న పెద్ద ఆపరేటర్లు, మన బ్రాంచి కాదు. కానీ ఒకవైపు డిఫాల్ట్ నడవాలంటే అవతలి వైపు ఆ నెట్‌వర్క్‌కి పేరుపెట్టి రాసిన రూటో, ఇవతలి వైపు న్యాటో ఉండి తీరాలి. ఇంట్లో ఆ పని వైఫై రూటర్ న్యాట్ చేసి పెడుతోంది కాబట్టి ఎవరికీ కనబడదు. అంటే డిఫాల్ట్ రూట్ మీద వచ్చిన ఫిర్యాదుకి సగం సాక్ష్యం ఎప్పుడూ అవతలి రూటర్ టేబుల్‌లో ఉంటుంది, దాన్ని తెరిచి చూసేవాడు తక్కువ.

ఈ సలహాలన్నీ పాటించినా మీకు తప్పు దొరికిపోతోందంటే, ‘షో ఐపీ రూట్’ని రెండు రూటర్ల మీదా కొట్టి పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నారన్నమాట. మీకు ఈ గైడు అక్కర్లేదు. సిలబస్‌లో తర్వాతి అంశం ఓఎస్పీఎఫ్, అది తెరవండి.