ఆ తెలుపు నాది

నేనొక కాగితపు పటాన్ని. చుట్టి దాచుతారు, కుడి నుంచి ఎడమకు విప్పుతూ చూస్తారు. నా బొమ్మలో ఉన్నది నల్లసిరా ఒక్కటే. దానితోనే ఫూచున్ నదినీ, ఒడ్డున కొండలనూ గీశారు. మిగిలిందంతా తెలుపు. ఆకాశమైనా, నీరైనా, పొగమంచైనా ఆ తెలుపే.

1347లో హువాంగ్ గోంగ్‌వాంగ్ నన్ను మొదలుపెట్టేనాటికి ఆయనకు ఎనభయ్యో పడి దగ్గరపడింది. చైనాను మంగోలుల యువాన్ వంశం ఏలుతోంది. ఆయన ఒకప్పుడు చిన్న గుమాస్తా. పైఅధికారి మీద వచ్చిన కేసులో తనూ జైలుకు వెళ్లాడు. బయటికొచ్చాక దావో మార్గం పట్టాడు. అంతకుముందు సాంగ్ రాజుల ఆస్థానంలో పిట్ట ఈకనూ పూరేకునూ రంగుల్లో కళ్లకు కట్టినట్టు దించేవారు. నా చిత్రకారుడు మెప్పించాల్సిన రాజు లేడు. అందుకే నాలో రంగు లేదు, తొందరా లేదు. విప్పిన జనపనార పోగుల్లాంటి గీతలతో కొండ వాలులను దించుతూ, బుద్ధి పుట్టినప్పుడల్లా కాస్త కలుపుతూ మూడేళ్లు గీశాడు. నన్నెవరైనా కాజేస్తారేమోనన్న భయంతో, ఆయన తోటి సాధువు వూయోంగ్ ముందుగానే నా మీద తన పేరు రాయించుకున్నాడు.

మింగ్ రాజ్యం కూలిన ఆరేళ్లకు, 1650లో, అప్పటి నా యజమాని చనిపోబోతూ నన్ను కాల్చేయమన్నాడు. మంటలోంచి లాగింది ఆయన అన్నదమ్ముల బిడ్డ. చుట్టి ఉన్నప్పుడు అంటుకోవడంతో ఒకే రంధ్రం పొర పొరకూ దిగింది. అలా రెండు ముక్కలయ్యాం. చిన్నది అర మీటరు, నేను ఆరు మీటర్లు దాటి.

1746లో చింగ్ చక్రవర్తి చేతికి వచ్చాను. అంతకు ముందు ఏడాదే ఆయనకు నా నకలు దొరికింది, దాన్నే అసలని నమ్మాడు. పటం మీద రాయడం మా దగ్గర తప్పు కాదు. యజమానులు ముద్రలు వేస్తారు, స్నేహితులు పద్యాలు రాస్తారు, అదీ కళలో భాగమే. కానీ ఆయన యాభైకి పైగా రాతలతో ఆ నకలు ఆకాశం నింపేశాడు. నన్ను నకలన్నాడు, కొలువులోని ఒకరి చేత ఆ మాటే నా మీద రాయించాడు. ఆ తీర్పే నన్ను కాపాడింది. నా తెలుపు నాకు మిగిలింది.

1933లో జపాన్ సేనల భయంతో పెకింగ్ రాజప్రాసాదపు నిధులు పెట్టెల్లో దక్షిణానికి తరలాయి. అంతర్యుద్ధం చివర, 1948-49లో, వాటిలో 2,972 పెట్టెలు తైవాన్ చేరాయి. నేనూ వాటితోనే. చిన్న ముక్క చైనాలోనే ఉండిపోయింది, తర్వాత హాంగ్‌జౌ చేరింది.

2011 జూన్‌లో దాన్ని తైపేకి తెచ్చి నా పక్కన పరిచారు. చైనా, తైవాన్ అనే రెండు ఒడ్డులూ కలవాలని నాయకులు మాట్లాడారు. జనం బారులు తీరారు. నేను మాత్రం మా కాలిన అంచుల మధ్య చోటునే చూస్తున్నాను. అక్కడ కొంత కొండ ఉండేది. ఆ ఖాళీ నా చిత్రకారుడు వదిలింది కాదు.