మందలిచ్చుడు మీద పీహెచ్‌డీ: కొత్త స్కాలర్లకు పక్కా సూచనలు

జనం ఒకరితో ఒకరు ఎట్లా మాట్లాడుకుంటారు, ఎందుకు అలుగుతారు, అలిగినవాళ్లు మళ్లీ ఎట్లా కలుస్తారు అన్న దాని మీద పరిశోధనకని జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు బయల్దేరిన తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ శుభాకాంక్షలు. తెనాలి వైపు నుంచి వచ్చి, హనుమకొండలో గది తీసుకుని, చంకలో ఫారాల కట్టతో ఇరవై రెండేళ్లు ఈ ఊళ్లు తిరిగినవాణ్ణి. నేను నింపిన ఫారాలు ఎన్ని గోనెసంచులయ్యాయో లెక్క లేదు. ఆ సంచులు ఇప్పుడెక్కడున్నాయని మాత్రం అడక్కండి.

ముందుగా, ఒకే ఊరిని పట్టుకుని వేలాడకండి. ఉస్మానియాలో పనిచేసిన శ్యామాచరణ్ దూబే 1951-52లో ఆ పొరపాటే చేశాడు. హైదరాబాదు పక్కన శామీర్‌పేట, ఒకే ఒక్క ఊరు. దానికోసం వైద్యం, పశువైద్యం, వ్యవసాయం చదివినవాళ్లు ఇంత పటాలం. ఊళ్లోవాళ్లకు మందులిచ్చారు, గొడ్లను చూశారు, మధ్యమధ్యలో ముచ్చట్లు విన్నారు. 1955లో వచ్చిన ‘ఇండియన్ విలేజ్’ను దేశదేశాల్లో చదివారు, ఒప్పుకుంటాను. అయినా ఒక్క ఊరికి అంత సేవ ఎందుకు? మీకున్నవి పది రోజులు, మూడు జిల్లాలు. రోజుకు నాలుగు ఊళ్లు, ఊరికి ఎనిమిది ఇళ్లు, ఇంటికి పన్నెండు నిమిషాలు. పన్నెండు నిమిషాల్లో మనసు విప్పని మనిషి దగ్గర విప్పడానికి ఏమీ లేదని అర్థం.

హైపోథిసిస్ కోసం బుర్ర పాడుచేసుకోకండి, నేనిస్తాను. ఈ మూడు జిల్లాలూ 2016 అక్టోబరు 11న పుట్టాయి. చాలా భాగం పాత వరంగల్, కాళేశ్వరం వైపు మాత్రం పాత కరీంనగర్. కాబట్టి ‘జిల్లా మారిన తెల్లారి నుంచి పలకరింపు మారింది’ అని రాసుకోండి. 2019 ఫిబ్రవరిలో భూపాలపల్లి నుంచి ములుగును విడదీశారు కదా, అటు పడ్డ మేనమామా ఇటు మిగిలిన మేనకోడలూ ఆ రోజు నుంచి మాట్లాడుకోవడం మానేశారని నిరూపిస్తే డాక్టరేటు మీ జేబులో ఉన్నట్టే. మానలేదని తేలితే శాంపిల్ చిన్నదని రాయండి.

మహబూబాబాద్‌ను మానుకోట అనకండి. ఊరంతా అదే అంటుంది, బస్సు కండక్టరూ అదే అంటాడు, కానీ ఫారంలో లేదు. తండాలకు పోయినప్పుడు ‘రామ్ రామ్’ అనడం, ముసలామెను ‘యాడీ’ అని పిలవడం లాంటి చనువులు అసలే వద్దు. తెలుగులో అచ్చేసిన ఫారాన్ని గట్టిగా, ఇంకా గట్టిగా చదవండి. భాష రానివాళ్లకు గొంతు పెంచితే వస్తుంది.

భూపాలపల్లికి రైలు లేదు. హనుమకొండ నుంచి పరకాల మీదుగా బస్సులో పోవాలి. మీరు కారు మాట్లాడుకోండి. బస్సెక్కితే అనవసరమైనవన్నీ కంట పడతాయి. ఒకసారి పండగ రద్దీలో నేను కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. బస్సు ఇంకా ఆగనే లేదు, బయట నుంచి నా ఒళ్లోకి ఒక చేతిరుమాలు, ఒక కూరగాయల సంచి, ఆ తర్వాత రెండేళ్ల పిల్ల వచ్చి పడ్డాయి. ‘పట్టుకో అన్నా, ఎక్కుతున్న’ అని ఒక గొంతు. ఆమె లోపలికి వచ్చేసరికి పది నిమిషాలు పట్టింది. అప్పటికి పిల్ల నా దగ్గర ఏడ్చి, వెనక సీటు అవ్వ ఒడిలోకి పోయి నిద్రపోయింది. తల్లి తన రుమాలు జాగాలో కూర్చుని టికెట్టు తీసుకుంది. నేను సమయం వృథా చేసేవాణ్ణి కాదు కనుక ఫారం తీశాను. పద్నాలుగో ప్రశ్న: ‘ముక్కూమొహం తెలియనివారిని మీరు నమ్ముతారా?’

‘అమ్మో, నమ్మ సారూ. ఈ కాలంల ఎవల్ని నమ్మొద్దు’ అంది.

‘నమ్మను’ దగ్గర టిక్కు పెట్టాను. పిల్ల సంగతికి గడి లేదు. గడి లేనిదాన్ని మనం చూడలేదు.

ఇక ఊళ్లోకి అడుగుపెట్టాక. పాలకుర్తి దగ్గర ఒక ఊళ్లో గద్దె మీద కూర్చుని చింతపండు గింజ తీస్తున్న అవ్వ నన్ను ఆపింది.

‘ఎవలింటికొచ్చినవ్ బిడ్డా?’

‘ఎవరింటికీ కాదమ్మా, సర్వేకు.’

ఆమె గింజ తీయడం ఆపి నన్ను కిందినుంచి మీదికి చూసింది. ఎవరింటికీ రాని మనిషి ఊళ్లోకి ఎందుకొస్తాడన్నది ఆ చూపులో ప్రశ్న. పక్కకు జరిగి చోటిచ్చింది. ఏ ఊరు మనది, అయ్య అవ్వ ఉన్నరా, ఎంతమంది అన్నదమ్ములు, పెండ్లయిందా, ఏడ తింటున్నవ్, వండేదెవలు, ఈ కాయిదాలకు నీకేమిస్తరు. నేను జవాబులు చెప్పి తలెత్తేసరికి పన్నెండు నిమిషాలూ అయిపోయాయి. నా ఫారంలో ఆమె పేరు తప్ప ఏమీ లేదు. ఆమె దగ్గర మాత్రం నా వంశమంతా ఉంది. ఇలా జరగనివ్వకండి. ప్రశ్న అడిగే హక్కు ఫారం ఉన్నవాడిదే. వాళ్లు అడగబోతే చెయ్యి అడ్డం పెట్టి ‘తర్వాత’ అనండి.

ఆ అవ్వ వల్లే నాకు పేరొచ్చింది కనుక ఆ కథ పూర్తిగా చెప్తాను. మర్నాడు మళ్లీ పోయి ‘ఈ వారం మీతో ఎవరెవరు ఏం మాట్లాడారు’ అన్న ప్రశ్నకు జవాబు రాబట్టాను. ‘సర్పంచి వచ్చి మందలిచ్చిపోయిండు. మా వియ్యపురాలు మందలిచ్చింది. జనగామ నుంచి మా ఆడిబిడ్డ, కొడుకులు, అందరొచ్చి మందలిచ్చిండ్రు. పక్కింటోళ్లతోని మాటల్లేవు, ఆళ్లు గూడ మందలిచ్చిండ్రు.’ లెక్క పెడితే పదకొండు మంది. మా వైపు మందలించడమంటే కోప్పడటం, చీవాట్లు పెట్టడం. నిఘంటువు కూడా అదే అంటుంది. వెంటనే రిపోర్టు రాశాను: ‘గ్రామంలో తీవ్రమైన ఘర్షణ వాతావరణం నెలకొని ఉంది. ఒక వృద్ధురాలిని ఒకే వారంలో పదకొండు మంది మందలించారు. సర్పంచి సైతం ఇందుకు మినహాయింపు కాదు.’ సెమినార్‌లో చప్పట్లు కొట్టారు. ‘గ్రామీణ హింస, మాటల రూపాలు’ అన్న శీర్షిక కింద దాన్ని చేర్చుకున్నారు.

ఇక్కడ మందలిచ్చుడంటే పలకరించడమని నాకు రెండేళ్ల తర్వాత టీ కొట్టు దగ్గర తెలిసింది. ఎదురుపడితే మందలిస్తారు, జ్వరమొస్తే ఇంటికొచ్చి మందలిస్తారు, చావు జరిగిన ఇంటికి పోయి మందలిస్తారు. నేను పోయిన వారానికి ముందే ఆ అవ్వ భర్త చనిపోయాడట. మాటల్లేని పక్కింటివాళ్లు వచ్చారంటే ఆ పగ ఆ రోజుతో కరిగిందని అర్థమట. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా జనం నోట్లోంచే పదాలు ఏరించి 1962లో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలతో, తెచ్చారు. నాగలిలో ఒక్క ముక్కకు జిల్లాకొక పేరు ఉన్నప్పుడు పలకరింపుకు ఉండదా అని ఆ టీ కొట్టాయన నన్నే అడిగాడు. మీరు అటువంటి కొట్ల దగ్గర ఆగకండి. రిపోర్టు అచ్చయ్యాక అర్థం తెలిస్తే మనశ్శాంతి పోతుంది.

ఫోన్ మాటల్ని రికార్డు చేయాలనుకునేవారికి: హార్వీ సాక్స్ 1960లలో లాస్ ఏంజిలిస్‌లో ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చిన ఫోన్లు పట్టుకుని కూర్చున్నాడు. ఇవతలి మనిషి ‘నా పేరు ఫలానా’ అని మొదలుపెడితే అవతలి మనిషీ పేరు చెప్పడం మామూలు. చెప్పడం ఇష్టం లేని ఒకాయన ‘సరిగ్గా వినబడలేదు’ అన్నాడు. ఆ ఒక్క మాటతో పేరు చెప్పాల్సిన వంతు దాటిపోయిందని సాక్స్ పట్టుకున్నాడు. ఆ దారిలో వచ్చినవాళ్లు మాటకూ మాటకూ మధ్య మౌనాన్ని సెకనులో పదో వంతు దాకా కొలిచారు. మన దగ్గర ఇంత శ్రమ అక్కర్లేదు.

‘హలో, ఎవలు?’

‘నేనే.’

‘నేనే అంటే?’

‘అరె, నేనే!’

పేరు దాచడానికి కాదు. గొంతు గుర్తుపట్టావా లేదా అని చూడటానికి. పట్టకపోతే వారం దాకా అలక, ‘పెద్దోడివైనవ్ తియ్’ అన్న మాట. మీరు ట్రాన్‌స్క్రిప్టులో ఇలాంటి వాటిని ‘సమాచారం శూన్యం’ అని కొట్టేయండి.

సాయంత్రం కల్లుకని తాళ్లల్లోకి అస్సలు పోకండి. ఎర్వింగ్ గాఫ్‌మన్ 1949లో స్కాట్లండుకు ఉత్తరాన షెట్లాండ్ దీవులకు పోయి, ఇక్కడి సేద్యం తెలుసుకోవడానికి వచ్చానని చెప్పుకుని, అక్కడి హోటలు వంటింట్లో గిన్నెలు కూడా తోమాడు. వంటింట్లో పనివాళ్ల తీరు వేరు, తలుపు తోసుకుని అతిథుల ముందుకు రాగానే తీరు వేరు అన్న సంగతి అతనికి అంట్ల దగ్గరే కనబడింది. చదువుకున్నవాడు చేసే పనేనా? మన దగ్గర అంట్ల బదులు తాటాకు రేక. కింద కూర్చుని దాన్ని రెండు చేతులా దోసిలిలా పట్టుకుంటే గౌడన్న పైనుంచి లొట్టి వంచుతాడు. చేతులు రెండూ రేకకే పోతాయి, నోట్సుకు చెయ్యి మిగలదు. పైగా అక్కడ పొద్దున గ్రామసభలో ఒకరి మీద ఒకరు లేచినవాళ్లే పక్కపక్కన కూర్చుని ‘ముందుగాల ఆయనకు వొయ్’ అంటుంటారు. మీ పట్టికలో వాళ్లను ‘ప్రత్యర్థులు’ అని వేసేసి ఉంటారు, మళ్లీ దిద్దడం ఎందుకు?

భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడి ఇంటర్వ్యూకు మంచి సమయం, రాత్రి షిఫ్టు దిగి వచ్చి పడుకున్న గంటకు. తలుపు కొట్టి లేపండి. అప్పుడే మనిషి ఉన్నదున్నట్టు మాట్లాడతాడు. నాతో మాట్లాడాడు. అచ్చువేసే భాష కాదు.

గార్ఫింకెల్ ప్రయోగం ఇక్కడ చేయాలనుకునేవాళ్లు చేయండి, నేను ఆపను. ఆయన అమెరికాలో తన విద్యార్థుల్ని సొంత ఇంట్లో అద్దెకున్నవాళ్లలా మర్యాదగా నడుచుకోమన్నాడు. ఇంటివాళ్లు బెదిరిపోయి ఒంట్లో బాగాలేదా అని అడిగారు. నా దగ్గర పనిచేసిన ఒక జనగామ పిల్లవాడు ఇంటికి పోయి ‘అమ్మా, దయచేసి కొంచెం మంచినీళ్లు ఇప్పించగలరా’ అన్నాడు. మర్నాడు మెడలో తాయెత్తుతో వచ్చాడు.

ప్రశ్నాపత్రంలో అయిదు గడులు తప్పనిసరి. ‘పూర్తిగా ఏకీభవిస్తాను’ నుంచి ‘పూర్తిగా విభేదిస్తాను’ దాకా. రెన్సిస్ లికర్ట్ 1932లోనే ఇచ్చిపోయాడు, వాడుకోవాలి. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్లను వాళ్ల మాటల్లోనే మాట్లాడనిచ్చి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చారు. ఎంత మాట, ఎంత కాగితం! పాలకుర్తి చాకలి ఐలమ్మ చేతికి ఒక పత్రం ఇచ్చి ‘విసునూరు దేశ్‌ముఖ్ వ్యవహారశైలి పట్ల మీ సంతృప్తి స్థాయి’ అని అడిగి ఉంటే ఒక్క టిక్కుతో పోయేది. ‘ఒక మోస్తరు అసంతృప్తి’ అని తేల్చుకుని మధ్యాహ్నం భోజనానికి హనుమకొండ చేరేవాళ్లు.

నోట్సు విషయంలో జాగ్రత్త. ఎం.ఎన్. శ్రీనివాస్ మైసూరు దగ్గరి రాంపురలో పోగుచేసుకుని, ఏళ్ల తరబడి దిద్దుకున్న నోట్సు 1970 ఏప్రిల్‌లో స్టాన్‌ఫోర్డ్‌లో మంటల్లో పోయింది. ఆయన గుర్తున్నదాంతోనే రాసి 1976లో ‘ది రిమెంబర్డ్ విలేజ్’ వేశాడు, అందరూ మెచ్చుకున్నారు. దీన్నుంచి మనం నేర్చుకోవలసింది, అసలు పోనే పోకుండా రాయడం. ఈమధ్య చాలామంది నేర్చుకున్నారు.

చివరగా కోడ్లు. జవాబు చెప్పనన్నవాళ్లకు 98, వర్తించనిదానికి 99. ఈ రెండూ కంఠస్థం చేయండి, మిగతావి మెల్లగా వస్తాయి. ఒక్క చోట మాత్రం నాకే తడబాటు వచ్చింది. మా నాన్నగారు పోయిన అయిదో రోజున హనుమకొండ గది ముందు ఆటో ఆగింది. పాలకుర్తి దగ్గరి ఆ అవ్వ దిగింది. రెండు బస్సులు మారి వచ్చిందట. నేను అక్కడికి చివరిసారి పోయి తొమ్మిదేళ్లయింది. ఎవరు చెప్పారో, అడ్రసు ఎట్లా పట్టిందో తెలియదు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, గడప పక్కన కింద కూర్చుంది. ‘మీ అయ్య మంచోడని చెప్పినవ్ గద బిడ్డా’ అంది. కొంచెంసేపటికి ‘తిన్నవా’ అంది. మొత్తం రెండు వాక్యాలు. ఉన్నది మూడు గంటలు. మిగతా అంతా మౌనమే, నేను పదో వంతులు కొలవలేదు. పోయేటప్పుడు పోతానని చెప్పలేదు, ‘వస్త’ అని చెంగు దులుపుకుంది.

ఫారం తీసి చాలాసేపు చూశాను. మీకు ఇలాంటిది తగిలితే ఆలోచించకండి. 99 వేసి పేజీ తిప్పండి.