పువ్వు తర్వాత, ముందు కొమ్మను చూడండర్రా

ఏమర్రా పిల్లలూ, జపాన్ వాళ్ల పూల అమరిక ఇకెబానా అంటే ఫోనులో వీడియో చూసి, అంగట్లో కట్టలు కట్టి అమ్మే గులాబీలు తెచ్చి, ఆ పచ్చ స్పాంజిలో గుచ్చి, ఫోటో తీసి ఊరందరికీ పంపడమా? మా రోజుల్లో మొదటి పాఠంలో పువ్వును ముట్టుకోనిచ్చేవాళ్లే కాదు. మా టీచరమ్మ ఒక కొమ్మ చేతిలో పెట్టి, తిప్పి తిప్పి చూసి దాని ముఖం ఎటుందో చెప్పమనేది. ఎండ వైపు తిరిగి పెరిగిందే దాని ముఖం. అది తెలిశాకే కత్తెర.

అప్పట్లో హైదరాబాదులో కెంజాన్లు ఎక్కడ దొరికేవి? సీసపు దిమ్మ మీద ఇత్తడి ముళ్లు నిలబెట్టి ఉంటాయే, అవి. ఎవరో జపాన్ వెళ్లొస్తూ తెచ్చిన కాసిన్నింటినే అందరం మార్చుకుని వాడేవాళ్లం. ముల్లు వంగితే నిలబెట్టుకునేవాళ్లం. మీ స్పాంజి ఒక్కసారి వాడితే చెత్తే, పైగా పొడిపొడిగా రాలి నీళ్లలో కలిసే ప్లాస్టిక్కు! ఇక కొమ్మల కోసం దుకాణానికి వెళ్లిందెప్పుడు? వారానికొకరి ఇంట్లో చేరేవాళ్లం. ఒకరు పెరట్లో సీతాఫలం కొమ్మ, ఒకరు తంగేడు, ఒకరు ఎండిన తామర కాయలు తెచ్చి ఒకే బకెట్లో వేసేవాళ్లు. ఆ ఇంటావిడ ఉప్మా చేసేది. జీడిపప్పు నేతిలో వేయించి మరీ వేసేది, ఇప్పుడు అంత ఓపిక ఎవరికుంది... సరే, బకెట్ దగ్గర కదా ఉన్నాను.

కాడను నీళ్లలో ముంచే కోయాలి, లేకపోతే గాలి చొరబడి నీరు పైకెక్కదు. మేం నేర్చుకున్న సోగెట్సు పద్ధతిలో పొడవైన కొమ్మ షిన్. పళ్లెం వెడల్పూ లోతూ కలిపిన మొత్తానికి అది ఒకటిన్నర రెట్లు ఉండాలి. రెండో కొమ్మ సోయె, షిన్‌లో ముప్పావు వంతు. షిన్ 15 డిగ్రీలు వాలితే సోయె 45, మూడో కొమ్మ హికాయె 75. అందరికీ అదే లెక్క, అదే బకెట్లో కొమ్మలు, అయినా ఏ రెండు పళ్లేలూ ఒక్కలా వచ్చేవి కావు! టీచరమ్మ ఒక్కొక్కరి దగ్గరా ఆగి, ఒక ఆకు తుంచేది, అంతే, పళ్లెం ఊపిరి పీల్చుకునేది. అందరం ఆవిడ వెనకే నడిచి చూసేవాళ్లం. పక్కావిడ పళ్లెంలో తుంచిన ఆకే మనకు పాఠం. గదిలో తలుపేసుకుని ఒక్కరే బతుకమ్మ ఆడతారా? ఇదీ అంతేనర్రా.

పూల చుట్టూ జనం చేరడం ఇవాళ్టిది కాదు. జపాన్‌లో క్యోటోలో రొక్కకుదో గుడి ఉంది. బుద్ధుడి ముందు పూలు పెట్టే పూజారులే ఇకెనొబో వంశం. 1462లో సెంకెయి అనే ఆయన పూలు అమర్చితే చూడ్డానికి జనం పోటీపడి వచ్చారని అప్పటి దినచర్య పుస్తకంలో రాసి ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసి పదేళ్లు దాటిందో లేదో, 1956లో టోక్యోలో ఎలెన్ గోర్డన్ అలెన్ అనే అమెరికా ఆవిడ ఇకెబానా ఇంటర్నేషనల్ పెట్టింది. నిన్నటిదాకా శత్రువులైన దేశాల ఆడవాళ్లు పూల ముందు పక్కపక్కన కూర్చున్నారు. దేన్ని మీరు ఫోనులో కుక్కుతున్నారో తెలుస్తోందా?

కొత్తది నాకు గిట్టదనేగా మీ గొణుగుడు. నిజమే, ఒహారా ఉన్షిన్ వెడల్పు పళ్లెంలో పడమటి దేశాల పూలు పెట్టి మొరిబానా మొదలెట్టినప్పుడు, 1927లో సోఫు తెషిగహరా సోగెట్సు పెట్టినప్పుడు క్యోటో ముసలివాళ్లూ నాలాగే సణిగి ఉంటారు. ఆ మొరిబానా పళ్లెమే ఇవాళ నాకు ప్రాణం. కానీ వాళ్లిద్దరూ పాతది చేతికి పట్టుబడ్డాకే దాటారు. మీరు పట్టకుండానే దాటేస్తున్నారు.

ఆదివారం పొద్దున్నే మా ఇంటికి రండి. కత్తెర, ఒక బకెట్, మీ వీధిలో రాలిన కొమ్మ ఒకటి చాలు. గులాబీలు తెచ్చారో, గుమ్మంలోంచే పంపేస్తాను. ఉప్మా నేనే చేస్తాను.