తాడు గుంజేవాణ్ని

నా పేరు మయోసిన్-ఏ. మలేరియా పరాన్నజీవి పైపొర కింద, ఇరుకు సందులో నా కాపురం. మీ కండల్లో ఉండే మయోసిన్ అనే ప్రోటీన్‌కు దూరపు చుట్టాన్ని. ఆయనకు పొడవాటి తోక ఉంది, నాకు లేదు.

దోమ కుట్టగానే దాని లాలాజలంతో మీ చర్మంలోకి దిగే స్పోరోజాయిట్ అనే పరాన్నజీవి దశను చూడండి. కొడవలి వంపు ఒళ్లు. కాళ్లు లేవు, ఈదడానికి తోక లేదు, అమీబాలా ఒళ్లు సాగదీయడమూ లేదు. అయినా సెకనుకు ఒకటి రెండు మైక్రాన్లు జారుకుంటూ రక్తనాళం కోసం వెతుకుతుంది. మీ తెల్లరక్తకణాలు దాన్ని అందుకోలేవు. ఆ నడక నాది.

ఏటికి అడ్డంగా గట్టు నుంచి గట్టుకు తాడు కట్టి ఉందనుకోండి. పడవలో నిలబడ్డ మనిషి ఆ తాడును వెనక్కి గుంజితే పడవ ముందుకు పోతుంది. నా పనీ అదే. నేను లోపలి పొరకు కట్టుబడి నిలబడి ఉంటాను. నా చేతిలో తాడు యాక్టిన్ అనే ప్రోటీన్ పోగు. ఆ తాడు, పైపొరను దాటి బయటికి చాచిన ట్రాప్ అనే ప్రోటీన్‌కు తగిలి ఉంటుంది. ట్రాప్ మీ కణాన్ని పట్టుకుంటుంది, నేను గుంజుతాను. గుంజుకో ఏటీపీ అనే ఇంధన అణువు ఖర్చు, కదిలేది కొన్ని నానోమీటర్లే. కానీ పక్కన నాలాంటివాళ్లు వరసగా ఉన్నారు. వెనక కొసకు చేరిన ట్రాప్‌ను ఒక ఎంజైమ్ కోసేస్తుంది. పట్టు వదులుతుంది, ఒళ్లు ముందుకు జారుతుంది.

1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి చూశారు. నాలుగు రోజుల ముందు హుస్సేన్ ఖాన్ అనే రోగి రక్తం తాగిన దోమ అది. కడుపు గోడలో నల్లటి రేణువులున్న గుండ్రటి కణాలు కనిపించాయి. దోమే మలేరియాను మోస్తుందనడానికి దొరికిన ఆధారం అది. పరాన్నజీవి ఊకినేట్ అనే దశలో ఆ గోడను తొలుచుకుపోతున్నప్పుడు తాడు గుంజింది నేనే. రాస్ చూసింది నా ప్రయాణం ఆగిన చోటును. ఆయన మైక్రోస్కోపుకు నేను అందను.

నా అమైనో ఆమ్లాల వరస మొదట్లో, 19వ స్థానంలో ఒక సెరిన్ ఉంది. దానికి ఫాస్ఫేట్ అంటుకుంటే వేగం వస్తుంది. ఊడిపోతే నిదానిస్తాను, బలం పెరుగుతుంది. చర్మంలో పరుగుకు ఆ వేగం, ఎర్రరక్తకణంలో దూరడానికి ఈ బలం అని శాస్త్రవేత్తలు అనుకుంటున్నారు. నాకున్న ఈ నేర్పే మన్యంలో చలిజ్వరమై వణికించింది. ఆఫ్రికాలో ఐదేళ్లలోపు పసివాళ్లను ఇప్పటికీ మట్టుపెడుతోంది. ఈ మాట చెప్పడానికి నాకు మనసు రాదు, చెప్పకుండా ఉండనూ లేను.

అందుకే నన్ను ఆపే మందు కోసం వెతుకుతున్నారు. కేఎన్ఎక్స్-002 అనే రసాయనం నన్ను తాడు గట్టిగా పట్టుకోలేని భంగిమలో బిగించేస్తుందని 2023లో చూపించారు. అది మందుబిళ్ల కావడానికి ఇంకా దూరం ఉంది. కానీ ప్రయోగశాల పాత్రలో, నేను ఆగినప్పుడు, ఎర్రరక్తకణంలో దూరాల్సిన మెరోజాయిట్ అనే పరాన్నజీవి దశ ఆ కణం గోడను కరుచుకునే ఉంటుంది. లోపలికి మాత్రం పోలేదు.