మంత్రిగారికి మైకా, విస్తరా?

అమెరికాలోని ఓ తెలుగు సంఘం కార్యవర్గం వారాల తరబడి జూమ్‌లో కూర్చుని ఒక్క ముక్క తేల్చలేకపోతోంది. మహాసభల ముందురాత్రి జరిగే బాంక్వెట్ డిన్నర్‌లో మంత్రిగారు మాట్లాడాలా, వద్దా? సంఘం పేరు చెప్పను. చెప్పకపోయినా ప్రతి సంఘమూ ఇది పక్క సంఘం గురించేనని సంతోషిస్తుంది.

"మంత్రి రాకపోతే డోనర్ టేబుళ్లు పోవండీ" అన్నారు కోశాధికారి.

"వస్తే మావాళ్లు రారన్నా" అన్నారు సంయుక్త కార్యదర్శి.

ఆ 'మావాళ్లు' ఎవరని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

రాష్ట్రాలు రెండు కనుక మంత్రులనూ ఇద్దరిని పిలుద్దామన్నారొకరు. మరి ఆఖరున మాట్లాడేదెవరు? పోనీ, ప్రతిపక్షం నుంచి ఓ మాజీని కూడా పిలిస్తే తటస్థంగా ఉంటుందన్నారు ఇంకొకరు. సంఘం న్యాయ సలహాదారు గొంతు సవరించుకుని, 501(సి)(3) కింద పన్ను మినహాయింపు పొందే సంస్థలు ఏ ఎన్నికల అభ్యర్థికీ కొమ్ము కాయకూడదని 1954 నుంచీ చట్టంలో ఉందని గుర్తుచేశారు. "అది ఇక్కడి ఎన్నికలకండీ, మనవాటికి కాదు" అంటూ అధ్యక్షులవారు ఆయన్ని మ్యూట్ చేశారు.

ఇంత చర్చలోనూ మనదేశపు చట్టం ఒకటి ఎవరికీ తట్టలేదు. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, సెక్షన్ 6. చట్టసభల సభ్యులు విదేశాల్లో ఉండగా కేంద్రం ముందస్తు అనుమతి లేకుండా విదేశీ ఆతిథ్యం పుచ్చుకోకూడదు. టికెట్టు, బస, భోజనం, కారు, ఆఖరికి వైద్యం కూడా ఆతిథ్యమే. యథాలాపంగా పెట్టింది మాత్రం లెక్కలోకి రాదు. బాంక్వెట్ బిర్యానీ యథాలాపమో కాదో లాయర్లు తేల్చాలి గానీ, అది తిన్నాక పట్టుకునే కడుపునొప్పి విషయంలో చట్టం స్పష్టంగా ఉంది: హఠాత్తుగా జబ్బుచేస్తే వైద్యానికి ముందు అనుమతి అక్కర్లేదు, నెలలోపు తెలియజేస్తే సరి.

మంత్రి తినేదాని మీద ఇన్ని ఆంక్షలు పెట్టినవాళ్లు, మనం వినేదాని మీద ఒక్కటీ పెట్టలేదు. "రెండే రెండు నిమిషాలు" అని మైకు అందుకున్నాక జరిగేది మీకు తెలిసిందే. మాతృభూమి రుణం, పెట్టుబడులకు ఆహ్వానం, పిల్లలతో తెలుగులోనే మాట్లాడమని సగం ఇంగ్లీషులో హితబోధ. వెనక వరసల్లోంచి జై అని ఒకరు, దానికి జవాబుగా ఇంకో జై. ఈలోగా పనీర్ గట్టిపడుతుంది. తానా సభలు బేసి సంవత్సరాల్లో, ఆటా సభలు సరి సంవత్సరాల్లో వస్తాయి కాబట్టి ఏ ఏడాదీ మనకు దీన్నుంచి సెలవు లేదు.

ఎట్టకేలకు తీర్మానమైంది. మంత్రిగారికి అయిదు నిమిషాలు. దాటితే గంట కొట్టాలి.

గంట కొట్టేదెవరు? జూమ్‌లో ఉన్నట్టుండి అందరి వీడియోలూ ఆగిపోయాయి. ఒకాయనకు ఊళ్లో స్థలం తగాదా నడుస్తోంది. ఒకావిడ తమ్ముడి బదిలీ ఫైలు సెక్రటేరియట్‌లో ఉంది. ఇంకొకాయన వచ్చే ఎన్నికల్లో తనే టికెట్టు అడగబోతున్నాడు. గంట బాధ్యతను ఉపసంఘానికి అప్పగించి సమావేశం ముగించారు. మంత్రిగారు ఏ విషయం మీద మాట్లాడతారన్నది ఎజెండాలోనే లేదు.

బాంక్వెట్‌కి టికెట్టు కొన్నవాళ్లకు ఒకటే మనవి: ఇంట్లో ఇంత తినే బయలుదేరండి.